బర్గరుకు విశేషణం దేనికి?

మా చోడవరంలో ఇప్పుడు ‘గోర్మే బర్గరు’ దొరుకుతుంది. ఒకచోట కాదు, నాకు తెలిసి నాలుగుచోట్ల. వాటిలో ఏది శ్రేష్ఠమన్న చర్చ కుర్రకారులోనూ, వాళ్ల వెంట వెళ్లి బిల్లు కట్టే నాబోటి పెద్దలలోనూ కొన్నాళ్లుగా సాగుతోంది. ఒకరు చీజు పక్షం వహిస్తారు, మరొకరు సాసు పక్షం. నేను ఆ నాలుగుచోట్లా తిన్నాను. అది చాలదన్నట్టు అనకాపల్లిలోనూ, విశాఖలోనూ తిని వచ్చాను. తిన్న మీదట తేలినదేమంటే, మా ఊళ్లో శ్రేష్ఠమైన గోర్మే బర్గరు ఏదన్న ప్రశ్నకు అర్థమే లేదు. ఆ నాలుగూ ఒకే బర్గరు. బోర్డుల రంగులు వేరు, పెట్టెల మీది బొమ్మలు వేరు, లోపల ఉన్నది మాత్రం ఎక్కడో తయారై, గడ్డకట్టి, వ్యానులో వచ్చిన బిళ్ల.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. గోర్మే అన్నది ఫ్రెంచి పదం. పూర్వం ద్రాక్షసారా వర్తకుల దగ్గర పనిచేసే సేవకుణ్ణి సూచించే మాట నుంచి పుట్టింది. సారా రుచి చూసి మంచిచెడ్డలు చెప్పగలవాడన్న అర్థం తర్వాత వచ్చింది. క్రమేణా ఏ ఆహారం విషయంలోనైనా రుచిభేదం ఎరిగినవాడు అనే అర్థానికి విస్తరించింది. అంటే మొదట అది తినేవాడి గుణం, తినే వస్తువుది కాదు. మన రసజ్ఞుడి వంటి మాట. చదివేవాణ్ణి రసజ్ఞుడంటాం కాని, ‘రసజ్ఞ పద్యం అమ్మబడును’ అని ఎవరూ బోర్డు కట్టరు కదా! ఫ్రెంచివాళ్ల మాటను ఇంగ్లీషువాళ్లు వస్తువుకు తగిలించారు, వాళ్ల దగ్గర నుంచి మనవాళ్లు ఎరువు తెచ్చుకున్నారు. ఇందులో ఒక సౌకర్యం ఉంది. తినేవాడు చేయవలసిన తీర్పును అమ్మేవాడే ముందుగా చేసేసి, దానికి కూడా కలిపి ధర కట్టవచ్చు.

ఇంగ్లీషు మాట చెవిన పడగానే ఎదుటివాడు వివశుడైపోవడం మన ఉత్తరాంధ్రకు కొత్త కాదు. విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ నాటకంలో గురజాడ ఆ వ్యాపారం చేసేవాణ్ణి మనకు శాశ్వతంగా చూపించి పెట్టాడు. గిరీశం ఈనాడు ఉండి ఉంటే చుట్ట పక్కన పడేసి బర్గరు ఫ్రాంచైజీ పుచ్చుకునేవాడనీ, కౌంటరు మీద వెంకటేశాన్ని కూర్చోబెట్టేవాడనీ నా దృఢ విశ్వాసం.

బయటి దేశాలలో ఈ గోర్మే శాఖకు ఆద్యుడుగా చెప్పుకునేవారిలో దానియెల్ బులూ అనే ఫ్రెంచి వంటవాడు ఒకడు. 2001లో న్యూయార్కులోని తన హోటల్లో, నెమ్మదిగా ఉడికించిన పక్కటెముకల మాంసమూ, బాతు కాలేయమూ లోపల కూరి ఒక బర్గరు చేశాడు. ధర విని జనం నోరు వెళ్లబెట్టారు. ఆ బర్గరు మీద నాకు ఎన్ని ఆక్షేపణలైనా ఉండవచ్చు (తినే యోగమూ లేదు, తినాలన్న కోరికా లేదు) కాని ఒక్కటి ఒప్పుకోక తప్పదు. అందులో వంట ఉంది. ఒక మనిషి గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడితే గాని అది తయారు కాదు.

మా ఊరి గోర్మేలో ఏముంది? నేను నిలబడి చూశాను. డీప్ ఫ్రీజరులోంచి బిళ్ల తీసి, పొద్దుటి నుంచి మరుగుతున్న నూనెలో వేశారు. ప్యాకెట్టు చింపి బన్ను తీశారు. సీసా పిండి మయోనైజు, ఇంకో సీసా పిండి సాసు, ప్లాస్టిక్ కాగితం ఒలిచి చీజు. ఆ కుర్రాడి చేతి మీదుగా జరిగిన పాకక్రియ అంతా కలిపితే ఉల్లిపాయ తరగడం ఒక్కటే, అదీ నేను వెళ్లక ముందే అయిపోయింది. “గోర్మేకీ మామూలు దానికీ తేడా ఏటి బాబూ?” అని అడిగాను. “చీజు రెండేస్తాం మాస్టారూ, సాసు కూడా వేరే” అన్నాడు. నిజాయితీ గల పిల్లవాడు. ఆ అరవై రూపాయల తేడాకు ఇంతకంటే స్పష్టమైన వ్యాఖ్యానం విశాఖలో కూడా దొరకలేదు.

ఇక్కడ నన్ను ఇద్దరు అపార్థం చేసుకోగలరు. బర్గరు ప్రియులు నన్ను ఛాందసుడంటారు, సంస్కృతి రక్షకులు తమ వాడనుకుంటారు. రెండోవారి సంగతి కాసేపట్లో చెబుతాను. మొదటివారికి నా మనవి: నా పోట్లాట బర్గరుతో కాదు, బర్గరు తరఫున.

బర్గరు అంటే మూడు పనులు. మాంసం కైమా కొట్టడం, కాలిన ఇనుము మీద కాల్చడం, మెత్తని రొట్టెలో పెట్టి తక్షణం చేతికివ్వడం. మిగిలినవన్నీ అలంకారాలు. ఈ మూడింటిలో మొదటిదే ప్రాణం. ముక్కగా ఉన్న మాంసానికి పైభాగం కొంచెమే, కైమా కొట్టగానే ఆ పైభాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. గాలి తగలడమూ, క్రిములు చేరడమూ, రుచి చెడడమూ అక్కడి నుంచే మొదలు. అందుకే కైమాలో తాజాదనం విలాసం కాదు. పైగా అందులో ఏమి కలిసిందో కంటికి కనబడదు. ఈ అనుమానం అమెరికావాళ్లకూ ఒకప్పుడు గట్టిగా కలిగింది. మాంసం ఫ్యాక్టరీల లోపలి భాగోతాన్ని అప్టన్ సింక్లెయిర్ 1906లో ‘ది జంగిల్’ నవలగా అచ్చువేయించాక అక్కడ కైమా పేరు చెబితే జనం వెనుకాడారు. 1921లో కాన్సాస్ రాష్ట్రం విచిటాలో వైట్ క్యాసిల్ అనే దుకాణం తెరిచినవారు ఆ అనుమానానికి చెప్పిన జవాబు ఏమిటో తెలుసా? గోడలన్నీ తెల్లగా ఉంచి, తాజా మాంసాన్ని కొనేవాడి కళ్లెదుటే వండి ఇచ్చారు. బర్గరు వ్యాపారమనే మహావృక్షానికి విత్తనం అది. నమ్మకం కలగాలంటే చూపించాలి అని వారికి తెలుసు.

తరువాత కథ మారింది. మెక్‌డొనాల్డ్ సోదరులు 1948లో తమ కాలిఫోర్నియా దుకాణాన్ని ఫ్యాక్టరీ పద్ధతికి మార్చారు. వారి పేరు మీద పెరిగిన సంస్థ కొంతకాలానికి గడ్డకట్టిన మాంసానికి అలవాటు పడింది. వేల దుకాణాలలో ఒకే రుచి కావాలంటే అది తప్పదన్నారు. అటువంటి సంస్థ కూడా 2018 నాటికి అమెరికాలోని చాలా దుకాణాలలో తన పెద్ద రకం బర్గరుకు తాజా మాంసం వాడడం మొదలుపెట్టింది. గడ్డకట్టించడంలో ఆరితేరినవారే తాజాదనానికి వెనక్కు నడుస్తుంటే, నూరడుగుల దూరంలో తాజా మాంసం ఉన్న మనం ఫ్రీజరు కొనుక్కుని దానికి ‘గోర్మే’ అని పేరు పెట్టుకున్నాం.

నూరడుగులు అన్నది అతిశయోక్తి కాదు. ఆదివారం పొద్దున మా ఊళ్లో ఏ మటన్ కొట్టు దగ్గరైనా నిలబడండి. మీరు చూపించిన ముక్కనే చింతమొద్దు మీద పెట్టి, మీ కళ్లెదుటే కత్తితో కైమా కొట్టి ఇస్తారు. కొవ్వు ఎంత ఉండాలో మీరే చెప్పవచ్చు. న్యూయార్కులో ఆ మాత్రం సేవకు ప్రత్యేకంగా డబ్బు పుచ్చుకుంటారు. ఇక పెనం సంగతి చెప్పాలా? మాంసం వేడి ఇనుము తగిలి ఎర్రగా మారడంలో ఉన్న రసాయన క్రియను 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు. మన అట్టు అంచు ఎర్రబడడానికి కారణమూ అదే. ఏ టిఫిన్ బండి ఆమెకైనా పెనం ఎప్పుడు అదునుకు వచ్చిందో నీళ్లు చిలకరించి చెప్పగల నేర్పు ఉంది. నూనెలో మునిగిన గడ్డబిళ్లకు ఆ ఎరుపు పైనున్న పిండిపొరకే వస్తుంది, లోపలి మాంసానికి రాదు.

గోధుమ పని మాకు తెలియదా? మాకు దగ్గరలోనే మాడుగుల ఉంది. అక్కడి హల్వా కోసం గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, పులియబెట్టి, నెయ్యీ పంచదారా పోసి గంటల తరబడి కలియబెడతారు. గమనించారో లేదో, హల్వావాడు గోధుమలోని గంజిపాలు తీసుకుని జిగురును పిప్పితో వదిలేస్తాడు, రొట్టెవాడికి ఆ జిగురే ఆధారం. ఒకే గింజకు రెండు ధర్మాలు. ఒకదాన్ని అంత సూక్ష్మంగా ఎరిగిన ప్రాంతంలో బన్ను మాత్రం ప్యాకెట్టులో రావాలట. తీపి సాసు కూడా! పక్కనే గోవాడలో చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకుని, దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి కూతవేటు దూరంలో ఉండగా, 1913 నుంచి చెరకు మీద పరిశోధన జరుగుతున్న నేల మీద కూర్చుని, పంచదార నీళ్లకు ఎర్రరంగు వేసిన సీసా కోసం లారీకి ఎదురుచూస్తున్నాం. చింతపండూ బెల్లమూ ఉడికించి, అల్లం తగిలించి, ఎండుమిరప వేస్తే ఏ సాసు దాని ముందు నిలుస్తుంది?

ఇప్పుడు సంస్కృతి రక్షకుల దగ్గరకు వద్దాం. “మనకు పునుగులు లేవా, గారెలు లేవా, ఈ మ్లేచ్ఛాహారం ఎందుకు?” అంటారు. అయ్యా, మీ చేతిలోని మిరపకాయ బజ్జీని ఒకసారి చూసుకోండి. మిరప అమెరికా ఖండం నుంచి వచ్చింది. బంగాళాదుంపా, టమాటా అక్కడివే. పలనాటి తిండిని తిట్టిపోశాడని చాటువులు చెప్పే శ్రీనాథుడు పదిహేనో శతాబ్దివాడు, ఆయన విస్తట్లో మిరపకాయ అన్నది లేనే లేదు. ముంబయివాళ్లు పోర్చుగీసువాళ్ల రొట్టెలో తమ బంగాళాదుంప బొండా పెట్టుకుని వడాపావ్ అన్నారు, అది వాళ్లదైపోయింది. పునుగు గొప్పదనం దాని జాతకంలో లేదు. పిండి రుబ్బిన చెయ్యి ఎదురుగా ఉంటుంది, వాయి దిగుతుండగా తింటాం, బాగుండకపోతే ఆ క్షణమే మొహం మీద చెబుతాం, రెండోరోజు వెళ్లం. నేను బర్గరును ఆ ధర్మాసనం ముందుకు రమ్మంటున్నాను, అంతే. ఫోనులో నక్షత్రాలు లెక్కపెట్టి కాదు.

“మొద్దు మీది కైమా శుభ్రమేనా? ఫ్రీజరు సరుకైతే భరోసా కదా” అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మొద్దూ కత్తీ శుభ్రంగా ఉండాలి, కైమా ఆ పూటే వండాలి, కోడిమాంసమైతే లోపలిదాకా పూర్తిగా ఉడకాలి. ఇందులో రాజీ లేదు. కాని ఫ్రీజరు భరోసా కరెంటు ఉన్నంతసేపే. వేసవి కోతల్లో కరిగి, మళ్లీ గడ్డకట్టిన బిళ్ల ఏ భరోసా ఇస్తుంది? సీసా భరోసా కూడా చూశాం. పచ్చిగుడ్లతో చేసే మయోనైజు వల్ల జనం జబ్బు పడుతున్నారని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న దాన్ని ఏడాదిపాటు నిషేధించవలసి వచ్చింది. రుచిలేని తెల్లటి జిగురుకు ఇంత కథ.

వీటన్నిటికంటే నన్ను బాధించేది వేరే ఉంది. ఈ దుకాణాలు పెడుతున్నది పెట్టుబడిదారులు కారు. చెరకు బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని ఇళ్లలో, చదువైపోయి ఉద్యోగం రాని కుర్రాళ్లు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి ఫ్రాంచైజీ రుసుము కడతారు. బోర్డూ బిళ్లలూ సాసూ పెట్టెలూ అన్నీ ఒకచోటే కొనాలన్నది ఒప్పందం. ధర పైవాడు నిర్ణయిస్తాడు, తగ్గింపు పైవాడు ప్రకటిస్తాడు, నష్టం మాత్రం కుర్రాడిది. నేను చూస్తుండగానే రెండు మూతపడ్డాయి. మూసేసిన రోజున ఆ కుర్రాడి చేతిలో ఏం మిగిలింది? బజ్జీల బండి మూతపడితే బజ్జీలు వేయడం వచ్చినవాడు మిగులుతాడు. రేపు ఇంకో వీధిలో మూకుడు పెట్టుకోగలడు. ఇతనికి సీసా పిండడం వచ్చు, కత్తెరతో ప్యాకెట్టు కత్తిరించడం వచ్చు. రెండేళ్లు పొయ్యి ముందు నిలబెట్టి వంట నేర్పని వ్యాపారం ఎటువంటి వ్యాపారం? “మీరు కొనకపోతే వాళ్లే నష్టపోతారు కదా మాస్టారూ” అన్నవారున్నారు. ఆ నష్టం తప్పాలనే నా గోల. ఈ పిల్లల్లో ఒక్కడు బిళ్లలు తెప్పించడం మానేసి, పొద్దున్నే మటన్ కొట్టుకు వెళ్లి, ‘ఈరోజు కైమా ఈరోజే’ అని పలక మీద రాసి పెడితే, ఆ దుకాణానికి విశేషణంతో పని ఉండదు.

ఊరికే ఉపదేశం చెప్పడం దేనికని నేనే ఒక పాత బేకరీ ఆయన్ని అడిగాను. తీపి తగ్గించి, కాస్త చిన్నగా, రోజూ సాయంత్రానికి బన్నులు చేసివ్వగలరా అని. ఆయన కాసేపు లెక్కలు వేసుకుని, “రోజుకి యాభైకి తక్కువైతే పొయ్యి ఖర్చు రాదండి. యాభై తీసుకునే కొట్టు ఒకటి చూపించండి, రేపటి నుంచే చేస్తాను” అన్నారు. నాలుగు గోర్మే దుకాణాల్లో మూడింటికి వెళ్లి ఈ సంగతి చెప్పాను. ఇద్దరు ఒప్పందం ఒప్పుకోదన్నారు. మూడో కుర్రాడు మాత్రం, కైమా కిలో ఎంత పడుతుందని అడిగాడు.