పేరు తెలియనివారికి దొరకని సమాధానం: ప్రోగ్రామింగ్ డాక్యుమెంటేషన్‌లో వెదుకులాట సమస్య

దేశంలో కంప్యూటర్ విద్య మాతృభాషల వైపు అడుగులు వేస్తోంది. 6 నుంచి 8 తరగతుల దశలోనే కోడింగ్‌ను పరిచయం చేయాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. 2021-22 విద్యా సంవత్సరం నుంచి తెలుగు సహా ఎనిమిది భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ బోధనకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి అనుమతించింది. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు పైథాన్ భాషను నేర్చుకుంటున్నారు. అయితే తరగతి గది దాటి సొంతంగా ప్రోగ్రామ్ రాయడానికి కూర్చున్న విద్యార్థికి తొలుత ఎదురయ్యే అడ్డంకి అంతగా చర్చకు రావడం లేదు. అధికారిక డాక్యుమెంటేషన్‌లో తనకు కావలసింది వెదికి పట్టుకోవడమే ఆ అడ్డంకి.

ఒక ప్రోగ్రామింగ్ భాషలోని ప్రతి ఆదేశం ఏం చేస్తుందో, దాన్ని ఎలా వాడాలో ఆ భాషను తీర్చిదిద్దేవారే రాసి ఉంచే వివరణను డాక్యుమెంటేషన్ అంటారు. అందులో సమాచారానికి కొరత లేదు. సమస్య అమరికలో ఉంది. నిఘంటువు మాట తెలిసినవారికి అర్థం చెబుతుంది. అర్థం మనసులో ఉండి, మాట కోసం వెదికేవారికి పెద్దగా అక్కరకు రాదు. అందుకే మన పూర్వులు నిఘంటువుతో సరిపెట్టుకోలేదు. అమరకోశం పదాలను అక్షరక్రమంలో కాక, అర్థాన్ని బట్టి వర్గాలుగా కూర్చింది. నేటి డాక్యుమెంటేషన్‌కు ఆ రెండో దారి కూడా కావాలి.

పైథాన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. జాబితాలో కొత్త అంశం చేర్చాలనుకున్న విద్యార్థికి సహజంగా తట్టే మాట ‘యాడ్’. ఆ పేరుతో పైథాన్‌లో ఒక పద్ధతి ఉన్న మాట నిజమే. కానీ అది ‘సెట్’ అనే వేరొక రకానికి చెందినది. ‘లిస్ట్’కు వాడవలసినది ‘అపెండ్’. పదం పొడవు తెలుసుకోవాలంటే ‘లెన్’ అన్న కుదింపు మాట తెలిసి ఉండాలి. శాతం గుర్తు సంఖ్యల మధ్య నిలిస్తే భాగహారంలోని శేషాన్ని ఇస్తుంది. శాతమని వెదికేవారికి శేషం తారసపడే అవకాశం తక్కువ.

వెదికే పరికరానికీ పరిమితులున్నాయి. పైథాన్ డాక్యుమెంటేషన్ కోసమే తొలుత తయారై, 2008లో విడుదలైన ‘స్ఫింక్స్’ అనే ఉపకరణం ఆ పేజీలను, వాటి వెదుకులాట సూచికను రూపొందిస్తుంది. తరచుగా వచ్చే ఆంగ్ల పదాలను పాఠ్యంలో వెదకకుండా వదిలేసే జాబితా ఒకటి అందులో ఉంది. ‘ఇఫ్’, ‘ఫర్’, ‘ఇన్’, ‘నాట్’, ‘విత్’ ఆ జాబితాలోనివే. సాధారణ ఆంగ్ల వ్యాసానికి ఇది సమంజసమైన ఏర్పాటే. పైథాన్‌లో మాత్రం అవి భాషకు మూలస్తంభాలైన పదాలు, విద్యార్థి మొదటి వారంలోనే వెదికే పదాలు. శీర్షికలను, సూచికలోని పదాలను కూడా పరిశీలించేలా తరువాత మార్పులు వచ్చాయి. ఒక్క జాబితా తెచ్చిన ఈ చిక్కు, నిపుణులకు కనిపించని లోపం కొత్తవారిని ఎంతగా అడ్డగించగలదో చెబుతుంది.

పరిష్కారాలు అసాధ్యమేమీ కావు. పీహెచ్‌పీ భాష వెబ్‌సైట్ చిరునామా పక్కన ఆదేశం పేరు చేరిస్తే నేరుగా సంబంధిత పేజీ తెరుచుకుంటుంది. రస్ట్ భాషలో చాలా దోషాలకు సంకేత సంఖ్యలు ఉన్నాయి. ఆ సంఖ్యతో అడిగితే ఉదాహరణతో కూడిన వివరణ వస్తుంది. 2021లో వచ్చిన పైథాన్ 3.10, మూయని కుండలీకరణాన్ని చూపడం, తప్పుగా రాసిన పేరుకు దగ్గరి పేరు సూచించడం మొదలుపెట్టింది. విద్యార్థి వెదకవలసిన మాటను దోష సందేశమే అందించడం ఇక్కడి విశేషం.

సెర్చ్ ఇంజిన్లు, కృత్రిమ మేధ సహాయకులు ఉండగా ఈ శ్రమ దేనికన్న ప్రశ్న రావచ్చు. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. అయినా ఆ కాలపు సమాధానాలు ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఎదురవుతాయి. కృత్రిమ మేధ తప్పును సైతం తడబాటు లేకుండా చెప్పగలదు. ఒప్పేదో తేల్చుకోవడానికి చివరకు అధికారిక పేజీకే రావాలి. ఆ పేజీని చేరుకోలేని విద్యార్థి, వినిపించిన మాటను నమ్మక తప్పని స్థితిలో మిగిలిపోతాడు.

మాతృభాషలో చదివినవారికి ఈ దూరం రెండింతలు. ముందు తమ అవసరాన్ని ఆంగ్లంలోకి మార్చుకోవాలి. ఆ తరువాత ఆంగ్లంలోని పలు మాటల్లో భాషా రూపకర్తలు ఎంచుకున్నదేదో ఊహించాలి. పైథాన్ డాక్యుమెంటేషన్ అనువాదాలకు 2017లో ఒక అధికారిక విధానం ఏర్పడింది. ఫ్రెంచి, జపనీస్, కొరియన్ అనువాదాలు ఆ మార్గంలోనే పాఠకులకు చేరాయి. మన భాషల్లో పూర్తి అనువాదం పెద్ద పని. పైగా భాష కొత్త రూపాలతో మారుతున్న కొద్దీ దాన్ని సవరిస్తూనే ఉండాలి.

అంతకంటే ముందు, తక్కువ ఖర్చుతో చేయగలిగినది ఒక వంతెన సూచిక. ‘జాబితాకు చేర్చడం’, ‘వరుసలో పెట్టడం’, ‘శేషం కనుక్కోవడం’ వంటి వాడుక మాటలను, పాఠ్యపుస్తకాల్లోని పారిభాషిక పదాలను ఒకచోట చేర్చి, ప్రతిదాన్నీ అసలు ఆంగ్ల ఆదేశానికి, దాని పేజీకి అనుసంధానించాలి. ఆదేశాల పేర్లను అనువదించనక్కరలేదు. ఉద్యోగంలోనూ విద్యార్థికి అవే కావాలి. 1961లో ఏర్పడిన శాస్త్ర, సాంకేతిక పరిభాషా సంఘం కూర్చిన పదాలు, తెలుగు సహా పలు భారతీయ భాషల్లో పాఠాలు అందించే ఐఐటీ బొంబాయి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ అనుభవం ఇందుకు పునాది కాగలవు. ఏ మాటతో వెదికి విఫలమయ్యారో విద్యార్థుల నుంచే ఉపాధ్యాయులు సేకరిస్తే సూచిక మరింత పదునెక్కుతుంది.

బోధనా మాధ్యమాన్ని మార్చడంతోనే విద్య మాతృభాషలోకి వచ్చినట్టు కాదు. ఉపాధ్యాయుడు పక్కన లేనప్పుడు తలెత్తే సందేహాన్ని విద్యార్థి తనకు తెలిసిన మాటల్లో అడిగి, నమ్మదగిన సమాధానాన్ని చేరుకోగలగాలి. సంస్కరణ ఫలితాన్ని కొలవవలసింది అక్కడే.