కొత్త అయివార్లకు రాత వద్దా?

మొన్న మా హోసూరు పక్క ఊళ్ళో, కొత్తగా చేరిన తెలుగు టీచర్లకు పెద్దలు బుద్ధులు చెప్పే సభ జరిగింది. ఒక పెద్దమనిషి మైకు ముందు నిలబడి, "పాఠం చెప్పండి, రికార్డు రాయండి, జీతం తీసుకోండి. బడి సంగతులు కాగితాల కెక్కించి తలనొప్పి తెచ్చుకోకండి" అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ చప్పట్లు విన్నాకే ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

అయ్యా, రికార్డు ఎవరికోసం రాస్తామో మనకు తెలియదా? తనిఖీకి వచ్చే అధికారి కోసం. అందులో ప్రతి పాఠమూ ఫలించే ఉంటుంది. ముప్ఫయ్యొక్కేళ్ళు నేనూ అలాంటి అబద్ధాలు చక్కని దస్తూరీతో రాశాను. గేదె పాఠం చెప్పిన రోజు నా రికార్డులో "లక్ష్యం నెరవేరినది" అని ఉంది. జరిగింది వేరు. ఆ మాట విని మూడో తరగతి పిల్లలు నా మొహం చూశారు. బొమ్మ చూపిస్తే "ఇది ఎనుము గదా సార్" అన్నారు. వేరుశనగ అంటే ఉలకరు, చెనిక్కాయ అంటే చేతులన్నీ లేచాయి. ఇంట్లో రోజూ ఎనుము పాలు తాగే పిల్లకు తెలుగు రాదని ఆ ఏడు నేను మార్కులు కోశాను. రాసుకుని ఉంటే మరుసటి ఏడైనా సిగ్గుపడేవాణ్ణి. రాయలేదు గనుక ఐదారేళ్ళు అదే తప్పు చేశాను.

గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన 'దివాస్వప్న' కల్పితమే. అయినా నాలుగో తరగతితో ఒక మాస్టారు పడిన పాట్లు, మొదటిరోజు భంగపాటుతో సహా అందులో ఉన్నాయి గనుకే ఇవాళ్టికీ టీచర్లు చదువుతున్నారు. మన రికార్డు పుస్తకాలు ఎవరు చదువుతున్నారు?

ఇక మన సంగతి. 1956లో సరిహద్దులు గీసినప్పుడు మనం ఇవతల మిగిలాం. ఆ ఏడే రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించమంది. 2006 చట్టంతో తమిళనాట ఒకటో తరగతి మొదలుకొని ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. తమిళం నేర్వడం మీద నాకు పేచీ లేదు, అన్నం పెట్టే భాష. కానీ రెండు భాషల నడుమ ఆరేళ్ళ పసివాడు ఎక్కడ తడబడుతున్నాడో, ఏ నెలలో తెలుగు అక్షరం వదిలేస్తున్నాడో తరగతిలో నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళేమో రాయరు. వినతిపత్రం పట్టుకుపోతే "ఆధారమేముంది?" అంటారు. ఒకసారి నన్నే అడిగారు. నీళ్ళు నమిలి వచ్చాను.

అమ్మా, తమ్ముడూ, రోజుకు అరపేజీ చాలు. పిల్లల పేర్లు మాత్రం రాయకండి. ఊరు చిన్నది, ఎవరి బిడ్డో తెలిసిపోతుంది. తోటి టీచర్ల మీద కోపమూ వద్దు. (రెండూ చేసి తిట్లు తిన్నవాణ్ణి.) పిల్ల అన్న మాట అన్నట్టే రాయండి, పుస్తకాల భాషలోకి దిద్దకండి. చెడిన పాఠం ముందు రాయండి, బాగా సాగింది తర్వాత చూసుకోవచ్చు. నెలకొకటి తోటివాళ్ళకు చదివి వినిపించండి, ఇలాంటి పత్రికలకు పంపండి. తీరికెక్కడ అంటారు. ఎన్నికల పనులూ, జనాభా లెక్కలూ నేనూ చేశాను. ఆ తీరిక లేనితనం కూడా రాయండి.

నా దగ్గర మిగిలినవి చివరి రెండేళ్ళ నోటుపుస్తకాలు రెండే. మొదటిదాంట్లో సగం ఆ పెద్దమనిషి మెచ్చే రికార్డు భాషే. రెండోది పరవాలేదు. సభ అయ్యాక ఒక కొత్త టీచరు అడిగితే ఇచ్చాను. ఇంకా తిరిగి ఇవ్వలేదు.