బందరు కట్టడాలకు సాయంత్రం ఓ గంట

కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి,

మనది తూర్పు తీరం. మంగినపూడిలో సముద్రం వైపు కెమెరా పెడితే పొద్దు మన వీపు వెనకే కుంకుతుంది. చివరి వెలుతురు దక్కేది ఊళ్లోని పాత గోడలకూ రాళ్లకూనే.

డచ్చి వారి సమాధులే చూడండి. ఆ 17వ శతాబ్దపు పలకల మీద ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు మిట్టమధ్యాహ్నం ఎండలో సరిగా ఆనవు. వానకు తడిసి రాయి నల్లబడి, సాయంకాలపు వెలుతురు ఏటవాలుగా తగిలిందా, ఒక్కో అక్షరమూ లేచి కూర్చుంటుంది. నవంబరులో ఆ వేళ ఐదున్నరకే వచ్చేస్తుంది.

చిక్కల్లా నిబంధనలతోనే. ఇలాంటి కేంద్ర రక్షిత కట్టడాల్లోకి మామూలుగా సూర్యాస్తమయం వరకే ప్రవేశం. ట్రైపాడ్‌కు విడిగా అనుమతి కావాలి. మసక వెలుతురులో షట్టర్ అర సెకను తెరిచి ఉంచాలంటే చేతి మీద ఎలా కుదురుతుంది? పొద్దుగూకాక తెరవడమూ కొత్తేమీ కాదు, తాజ్‌మహల్‌ను పున్నమి రాత్రుళ్లు తెరుస్తున్నారు కదా!

పురావస్తు శాఖతో మాట్లాడి, అక్టోబరు, నవంబరుల్లో వారానికో సాయంత్రం, పొద్దుగూకాక గంటసేపు ట్రైపాడ్‌తో సహా అనుమతి ఇప్పించండి. పులిగడ్డ అక్విడక్టు దగ్గర బండ్లకు అడ్డం రాకుండా నిలబడే చోటు చూపించండి. రంగులు మారే ఎల్ఈడీ దీపాలు మాత్రం ఎక్కడా పెట్టించొద్దు, దండం పెడతాం. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు అనుమతి రద్దు చేయండి, ఎవరూ నొచ్చుకోరు. 1977 నవంబరు 19 నాటి తుఫానును దివిసీమ మరిచిపోలేదు.

ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోపే ఉత్తర్వు వెలువడేలా చూడండి.

ఇట్లు,
బందరు ఫొటోగ్రాఫర్ ఒకరు