ఏ ఇంటికి ఏ మిరప?

తొలకరి జల్లు పడి నేల చల్లబడిందో లేదో, ఒకే ప్రశ్నతో ఉత్తరాలు మొదలవుతాయి. "పెరట్లో నాలుగు మిరప మొక్కలు వేసుకోవాలని వుంది. ఏ రకం మంచిది?" మొన్న ఒక సోదరి ఇంకాస్త ముందుకు వెళ్ళి, "లోకంలోకెల్లా కారమైన మిరప విత్తనం సంపాదించాను, వెయ్యమంటారా?" అని రాసింది.

వెయ్యొద్దనను. కాని, అమ్మాయ్, ఏ మిరప మంచిదని అడగడం ఏ చీర మంచిదని అడగడం లాంటిది. పెళ్ళికి కట్టేదో, పిండి రుబ్బేటప్పుడు కట్టేదో చెప్పకపోతే ఎవరు మాత్రం ఏం చెబుతారు? ముందు మీ వంటింట్లోకి వెళ్ళి చూసుకోండి. మీకు ఎక్కువ ఖర్చయ్యేది కూరలో పచ్చిమిరపకాయా? పచ్చడికి పండుమిరపకాయా? పెరుగన్నంలోకి ఊరమిరపకాయా? సాయంత్రం బజ్జీలా? అది తేలితే పెరట్లో ఏ మొక్క వుండాలో దానంతటదే తేలుతుంది.

ముందు కారం సంగతి చూద్దాం. మిరపలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. గింజల్లో కారం వుంటుందని మనందరి నమ్మకం. నిజానికి అది పుట్టేది గింజలు అంటుకుని వుండే తెల్లని ఈనెలో. గింజలు దులిపేటప్పుడు ఈనె కూడా వూడి వస్తుంది గనుక కారం తగ్గుతుంది. మనం ఆ ఘనత గింజలకు కట్టబెడతాం. ఈ కారాన్ని కొలవడానికి 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఔషధ శాస్త్రవేత్త ఒక పద్ధతి కనిపెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్ళలో కలుపుతూ, కలుపుతూ, నాలుకకు మంట తెలియకుండా పోయేదాకా ఎన్ని రెట్లు పలచన చెయ్యాలో అదే ఆ మిరప కారం లెక్క. ఇప్పుడు యంత్రాలు కొలుస్తున్నా ఆయన పేరే నిలిచింది.

ఆ లెక్కన బెంగుళూరు మిరపకు సున్నా. రంగుకు పేరుపడ్డ బ్యాడిగికి పదివేలకు అటూ ఇటూ. మన గుంటూరు సన్నానికి 35,000 నుంచి 40,000. నాగాలాండ్, అస్సాం వైపు పండే భూత్ జొలోకియా పదిలక్షలు దాటి 2007లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 2023లో అమెరికాలో పండించిన పెప్పర్ ఎక్స్ అనే రకం 26,93,000 దగ్గర తేలి ఆ పుస్తకంలో మొదటి స్థానం తీసుకుంది. వినడానికి బాగానే వుంది. కాని దాన్ని ఏ పప్పులో వేస్తాం చెప్పండి? పందెం వేసుకునే కాయ వేరు, పచ్చడి చేసుకునే కాయ వేరు.

ఇక రకాల దగ్గరికి వద్దాం.

రోజూ కూరల్లోకి పచ్చిమిరపకాయ కావాలంటే జ్వాల రకం చూడండి. ఢిల్లీలోని పూసా పరిశోధనా సంస్థ తయారు చేసింది. సన్నగా, పొడుగ్గా, లేతాకుపచ్చగా, కాస్త ముడతలు పడి వంకర తిరిగి వుంటాయి కాయలు. మొక్క పొట్టిది, గుబురుగా వస్తుంది గనుక కుండీకి కూడా పనికొస్తుంది. గుంటూరు దగ్గరి లాం పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన జి-4, అదే భాగ్యలక్ష్మి, పచ్చికీ ఎండుకూ కూడా వాడుకోవచ్చు. నలుగురున్న ఇంటికి పచ్చిమిరప మొక్కలు అయిదారు వుంటే బజారు మొహం చూడనక్కర్లేదు.

పండుమిరప పచ్చడి మీద మోజున్న వాళ్ళకు తోలు దళసరిగా, కండ ఎక్కువగా వున్న కాయ కావాలి. సన్నకాయ నూరితే గింజలే పంటికి తగులుతాయి. వరంగల్ వైపు చపాటా మిరప అని వుంది. పొట్టిగా, బొద్దుగా వుంటుంది కనుకనే టమాటా మిరప అని కూడా అంటారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పిల్లలు కూడా తినేలా ఎర్రగా పచ్చడి పెట్టాలంటే దానికి సాటి లేదు. కారం చాలదనే మగవారికి అందులోనే నాలుగు సన్నకాయలు కలిపి నూరండి, గొడవ వుండదు.

బజ్జీ మిరప వేరే జాతి అనుకోకండి. మిరపలోనే పొడుగ్గా, లావుగా, మెత్తని కారంతో వుండే రకం. కాయ బరువుకు కొమ్మ వాలిపోతుంది. పుల్ల పాతి కట్టాలి.

ఒక్కటే మొక్క వెయ్యడానికి చోటున్న వాళ్ళు ఆకాశం వైపు ముక్కెత్తుకుని కాసే చిట్టి మిరప వెయ్యండి. మలయాళీలు కాంతారి అంటారు. మిగతా మిరపల్లా ఒక్క కారుతో అయిపోదు, రెండుమూడేళ్ళు నిలిచి కాస్తుంది. కాయ వేలిగోరంత, కారం గుంటూరు సన్నాన్ని మించి. మజ్జిగలో ఒక్కటి చిదిపి వేస్తే చాలు. చిలకలు, పిచ్చుకలు మాత్రం వచ్చి వాలతాయి. వాటికి ఈ మంట తెలియదు. తిని, గింజల్ని ఊరంతా నాటి వస్తాయి.

ఎండుమిర్చికి మాత్రం పెరటిని నమ్ముకోకండి. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవాలంటే నాలుగు మొక్కల వల్ల కాదు. దానికి గుంటూరు సన్నం, రంగుకు కాసిని బ్యాడిగి కొనుక్కోవలసిందే.

పెంపకం పెద్ద బ్రహ్మవిద్య కాదు. నారు పోసి, ఆరు వారాల మొక్కను తీసి, ఒకటిన్నర నుంచి రెండడుగుల ఎడంతో నాటండి. కుండీ అయితే అడుగు వెడల్పుకు తగ్గకూడదు, అడుగున చిల్లు తప్పదు. మిరప ఎండను ఓర్చుకుంటుంది, దాహాన్ని కూడా కొంత ఓర్చుకుంటుంది, కాళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే మాత్రం ఒక్క రోజు ఓర్చుకోదు. నడివేసవిలో పూత రాలిపోతుంటే కంగారు పడి ఎరువు గుమ్మరించకండి. అది వేడికి రాలడమే. మధ్యాహ్నం పూట పాత చీర పందిరి వేస్తే చాలు.

ఆకులు ముడుచుకుంటే ఎటు ముడుచుకున్నాయో చూడండి. అంచులు పైకి ముడిచి దొన్నెలా అయితే తామర పురుగు. కిందికి ముడిచి బోర్లించిన పడవలా అయితే నల్లి. ఒకదాని మందు రెండోదానికి పనిచెయ్యకపోవచ్చు. తామర పురుగు తక్కువగా వున్నప్పుడే లీటరు నీళ్ళకు ఒక చెంచా వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి ఆకు అడుగున తడిసేలా సాయంత్రం చల్లండి. నల్లికి నీళ్ళలో కలిసే గంధకం పొడి వాడతారు. దాన్ని మండే ఎండలో చల్లకూడదు. 2021లో నల్ల తామర పురుగు పూతలో చేరి మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్ని మిరప తోటల్ని నాశనం చేసిందో గుర్తుందిగా. పెరట్లో పూలను కూడా వారానికోసారి విప్పి చూడడం మంచిది. ఇంకో మాట. చుట్ట కాల్చే తాతగారు చేతులు కడుక్కోకుండా మొక్కల్ని ముట్టుకోకూడదు. పొగాకుకు వచ్చే తెగులు చేతుల ద్వారా మిరపకూ అంటుతుంది.

ఇంతవరకూ చెప్పింది ఏ తోట పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఇక చెప్పబోయేది నేను ఏడ్చి నేర్చుకున్నది.

మా అత్తగారి పెరట్లో ఒక మిరప వుండేది. దానికి పేరంటూ లేదు. "మన మిరప" అనేవారు, అంతే. పొట్టికాయ, మెడ దగ్గర లావు, తోలు మందం, కారం కమ్మగా వుండేది. చీల్చి పుల్లమజ్జిగలో వూరబెట్టి, ఎండబెట్టి, నూనెలో వేయిస్తే ఊరమిరపకాయ గుల్లగా వచ్చేది. బంధువులెవరు వచ్చి వెళ్ళినా సీసాడు కట్టి ఇచ్చేవారు. ఆవిడ ఆ మొక్కల్ని బావి దగ్గర వేసేవారు. మిగతా మిరపలన్నీ ఇంటికి అవతలివైపు వీధి ప్రహరీ పక్కన. "రెండూ ఒక్కచోట వేస్తే నీళ్ళు మోసే పని తగ్గుతుంది కదా" అని నేనంటే నవ్వి వూరుకునేవారు. కొన్ని మొగ్గలకు పాత పంచె గుడ్డ సంచీలు కట్టి, ఆ కాడలకు ఎర్రదారం చుట్టేవారు. దిష్టికేమో అనుకున్నాను. అడగలేదు.

ఆవిడ పోయిన తరువాత పెరడు నా చేతికి వచ్చింది. తెలివి నాది కదా, అన్ని మిరపల్నీ ఒకే వరసలో నాటాను. ఆ ఏడు కాయలన్నీ వేటికవి బాగానే కాశాయి. గింజలు తీసి దాచాను. మరుసటేడు బావి దగ్గర వచ్చినవి చూస్తే ఒకటి పొడుగు, ఒకటి సన్నం, ఒకటి వంకర. పోనీ కదా అని ఊరబెట్టాను. వడ్డించిన రోజున మా వారు ఒక్కటి కొరికి, నోట మాట లేక, కళ్ళ నీళ్ళతో మజ్జిగ చెంబు వైపు చెయ్యి చూపించారు. కాసేపటికి, "అమ్మవి కావు ఇవి" అన్నారు. కోపంగా అన్నా బాధ లేకపోను. మామూలుగా అన్నారు.

అప్పుడు అర్థమైంది ఎర్రదారం ఎందుకో. మిరప పువ్వు తనంతట తాను కాయ కట్టగలదు. కాని తేనెటీగలూ చీమలూ ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు చేరుస్తూనే వుంటాయి. పక్కన కారపు మొక్క వున్నంత మాత్రాన ఈ ఏడాది కాయ మారదు. అది తల్లిదే. బెంగుళూరు మిరప పక్కన సన్నం వేస్తే బెంగుళూరు మిరప ఘాటెక్కుతుందన్నది వుత్త మాట. మారేది లోపలి గింజ. దాని గుణం మరుసటేడు మొక్క కాస్తేగాని బయటపడదు. అప్పటికి పాత గింజ మన దగ్గర వుండదు.

మా అదృష్టం బాగుండి, మా ఆడపడుచు దగ్గర వాళ్ళమ్మ ఎప్పుడో ఇచ్చిన గింజలు పసుపు డబ్బాలో మిగిలాయి. అయిదేళ్ళ నాటివి. నలభై వేస్తే మూడు మొలిచాయి. ఆ మూడింటినీ పురిటి పిల్లల్లా సాకాను.

మీ ఇంట్లో కూడా పేరులేని మిరప ఒకటి వుంటే ఇలా చెయ్యండి. ఆరోగ్యంగా, నిండుగా కాసిన మొక్కను ఎన్నుకోండి; వీలైతే ఒకటి కాదు, మూడు నాలుగు. రేపో మాపో విచ్చుకోబోయే మొగ్గలున్న కొమ్మకు పలచని గుడ్డ సంచీ తొడిగి మూతి కట్టండి. పూసిన రోజుల్లో పొద్దున్నే కొమ్మను వేలితో మెల్లగా తట్టండి. పిందె పడగానే సంచీ తీసి కాడకు ఎర్రదారం చుట్టండి. ఆ కాయను ఎవరినీ కొయ్యనివ్వకండి. బాగా పండి, ఎర్రబడి, కాస్త వడిలేదాకా మొక్క మీదే వుంచండి. గింజలు నీడన ఆరబెట్టి, తడిలేని సీసాలో పోసి, రకం పేరూ సంవత్సరమూ రాసి మూత బిగించండి. రెండుమూడేళ్ళకు మించి నమ్మకండి, ఏటేటా కొత్త గింజ తీసుకోండి. బజారులో కొన్న సంకర విత్తనం మొక్క నుంచి మాత్రం గింజ దాచకండి. దాని పిల్లలు దానిలా వుండవు. వంటింటి ఎండుమిర్చి గింజలు చల్లినా ఇదే చిక్కు. మొలుస్తాయి గాని, తల్లి ఎవరో తెలియదు.

చివరి మాట, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ గింజల్లో సగం ఇంకొకరికి ఇవ్వండి. కూతురికో, ఆడపడుచుకో, పక్కింటావిడకో. మీ చేతిలో పోయినా వాళ్ళ చేతిలో బతుకుతుంది.

ఇంతకీ లోకంలోకెల్లా కారమైన విత్తనం సంపాదించిన సోదరికి జవాబు బాకీ వున్నాను. వెయ్యి, తల్లీ. ఓపిక పట్టాలి. అవి మొలవడానికే మూడు వారాలో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. కొంచెం నీడ చూసుకో, కోసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకో, పిల్లలకు అందకుండా చూడు. నోరు మండితే నీళ్ళు తాగకు, మజ్జిగ తాగు. నీళ్ళకు ఆ మంట కరగదు. కాని దాన్ని వెయ్యబోయే ముందు మీ అత్తగారినో అమ్మనో, "మన ఇంటి మిరప ఏదమ్మా?" అని ఒక్కసారి అడుగు. నేను అడగకుండా వూరుకున్న మాట అదే.

వచ్చే వారం కరివేపాకు గురించి చెప్పుకుందాం.