డల్లాస్ పోతానంటే నవ్వాం

ఎప్పటిలాగే పోస్టు కాస్త పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న ఉగాది భోజనాల దగ్గర జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన సభ్యుల అబ్బాయి ఒకడు, పుణెలో ఉద్యోగం చేస్తున్నవాడు, నవంబరులో అమెరికా వెళ్తానన్నాడు. చదువుకా, ఉద్యోగానికా అని అడిగారు. రెండూ కాదు, డల్లాస్ కౌబాయ్స్ ఆట చూడటానికి అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. "బంతాట చూడనీకి సముద్రం దాటుతవా బిడ్డా, మన జామ్‌ఠా ఏమాయె?" అన్నారు ఒకరు. వాళ్ళ బాపు తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ కూర్చున్నారు. మేమిద్దరం కూడా నవ్వాం.

ఇంటికొచ్చాక ఆ నవ్వు మాకే నచ్చలేదు. ఎందుకంటే రెండేళ్ళ కింద మేము అమ్మాయి దగ్గరికి టెక్సాస్ వెళ్ళినప్పుడు అదే స్టేడియం టికెట్టు కొని చూసొచ్చాం. మన పెద్దవాళ్ళంతా పిల్లల దగ్గరికి వెళ్ళేది ఎండాకాలంలోనే కదా. చంద్రపూర్ ఎండ తప్పించుకుందామని వెళ్తే అక్కడా నలభై డిగ్రీలే, అది వేరే సంగతి. వాళ్ళ ఆటల సీజన్ సెప్టెంబరులో మొదలై జనవరి మొదట్లో లీగ్ మ్యాచ్‌లు ముగుస్తాయి. ఫైనల్ ఫిబ్రవరిలో. మేము వెళ్ళింది మే నెలలో. కాబట్టి చూసింది ఖాళీ కుర్చీలు. ఆర్లింగ్టన్ అనే ఊళ్ళో 2009లో తెరిచిన స్టేడియం అది. 80,000 మంది పడతారు, పైకప్పు తెరుచుకుంటుంది, మైదానం మీద 160 అడుగుల పొడుగు తెర వేలాడుతూ ఉంటుంది. ఫోటోలు పెడితే మీలో చాలామంది బాగుందని మెచ్చుకున్నారు. డబ్బిచ్చి ఖాళీ స్టేడియం చూసినవాళ్ళని ఎవరూ నవ్వలేదు. అది నిండినప్పుడు చూస్తానన్న పిల్లవాణ్ణి నవ్వాం.

ఆట సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. పేరు ఫుట్‌బాల్ గానీ బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. ఒక్కో వైపు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలివాళ్ళది. కూతకు వెళ్ళినవాణ్ణి గీత దాటనివ్వకుండా పట్టుకోవడం మనకు తెలిసిందే, ఇదీ అలాగే నేల కోసం కొట్లాట. గడియారం ప్రకారం గంట ఆట, కూర్చుంటే మూడు గంటలు పైనే.

ఈ జట్టు చివరిసారి ఫైనల్ గెలిచింది 1996 జనవరిలో. అప్పటికి మన అబ్బాయి పుట్టనేలేదు. అంటే వాడు ప్రేమించిన జట్టు వాడి జన్మలో ఒక్కసారీ కప్పు ఎత్తలేదు. అయినా సోమవారం పొద్దున ఏడింటికి ఫోనులో వాళ్ళ ఆదివారం రాత్రి ఆట చూసి ఆఫీసుకు పోతాడట. బెంగళూరు జట్టు కోసం 18 ఏళ్ళు ఎదురుచూసి 2025లో టపాసులు కాల్చినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్ళకు ఈ పిచ్చి అర్థం కాదంటే నమ్మలేం.

దూరం అంటారా? మనం వెళ్ళమా? మేడారం జాతరకు రెండేళ్ళకోసారి బండ్లు కట్టుకుని వెళ్తాం. చైత్రంలో మన మహాకాళి యాత్రకు మరాఠ్వాడా నుంచి జనం పిల్లాపాపలతో వస్తే, ఎందుకింత దూరం వచ్చారని ఎవరమూ అడగం. హీరో సినిమా మొదటి ఆట కోసం రాష్ట్రం దాటి కాగజ్‌నగర్ పోయినవాళ్ళ పేర్లు ఇక్కడ రాయం, వాళ్ళకే తెలుసు. దేవుడికీ బంతికీ పోలికేంటి అని కోప్పడకండి. మేము పోల్చేది దేవుణ్ణి కాదు, బయల్దేరే మనిషిని.

ఇంకో ముచ్చట. ఈ ఆటకు మన దేశంలోనూ ఒక లీగ్ పెట్టారు. 2011లో ప్రకటించారు, మొదటి సీజన్ ఆటలు 2012లో జరిగాయి. అందులో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు ఉంది, పుణె మరాఠాస్ అనే జట్టూ ఉంది. కానీ ఆటలు పెట్టింది శ్రీలంకలో! మన హైదరాబాద్ జట్టును చూడాలన్నా సముద్రం దాటాల్సిందే అన్నమాట. గెలిచింది పుణె. చంద్రపూర్ తెలుగువాళ్ళం ఎవరివైపు ఉండాలో తేల్చుకునే అవస్థ లేకుండా ఆ లీగ్ పెద్దగా నిలవలేదు.

ఇక అసలు విషయం. నవ్వు ఆగాక కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. "వీసా ఆఫీసరుకు ఆట అని చెప్పకు, నవ్వి పంపిస్తరు. అక్క గృహప్రవేశం అని చెప్పు" అని. ఈ సలహా ప్రేమతోనే ఇచ్చారని మాకు తెలుసు. కానీ ఇది తప్పు సలహా, ప్రమాదమైన సలహా. పంక్తిలో ఉండి మేము ఊరుకోవడం ఇంకా తప్పు. మనం వెళ్ళే విజిటర్ వీసా ఇచ్చేదే ఊళ్ళు తిరగడానికి, చుట్టాల్ని చూడటానికి, వినోదానికి. డబ్బిచ్చి ఆట చూసి తిరిగి రావడం అందులో నిక్షేపంగా వస్తుంది. లేని గృహప్రవేశం ఒకటి ఫారంలో రాసి, కిటికీ దగ్గర ఇంకో ప్రశ్నకు తడబడితే, అబద్ధం చెప్పి వీసా పొందబోయాడని రాసుకుంటే, అది జీవితాంతం వెంటాడుతుంది. రేపు అదే అబ్బాయికి కంపెనీ పని మీద పంపే అవకాశం వస్తే అప్పుడేం చేస్తాం? 185 డాలర్ల ఫీజు పోతే పోతుంది, తిరస్కరిస్తే మళ్ళీ పెట్టుకోవచ్చు. అబద్ధం మాత్రం రికార్డులో ఉండిపోతుంది.

ఈ జూన్, జులై నెలల్లో అదే ఆర్లింగ్టన్ స్టేడియంలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు తొమ్మిది జరగబోతున్నాయి. లోకంలోని దేశాలన్నీ ఆట చూడటానికే వస్తున్నామని రాసి వీసాలు అడుగుతున్నాయి. మనవాడొక్కడికే సిగ్గెందుకు?

వాడు నవంబరు అని ఊరికే అనలేదు, అదీ కనుక్కున్నాం. థాంక్స్‌గివింగ్ పండగ రోజు, అంటే నవంబరు నాలుగో గురువారం, కౌబాయ్స్ ఏటా సొంత మైదానంలోనే ఆడతారు. 1966 నుంచి ఉన్న ఆనవాయితీ, మధ్యలో రెండేళ్ళు తప్ప. పూర్తి షెడ్యూలు మే నెలలో గానీ రాదు, కానీ ఈ తేదీ ముందే తెలుసు: 2026 నవంబరు 26. ఆ రోజు అక్కడి మనవాళ్ళకూ సెలవు, వాడి అక్కాబావలు ఇంట్లోనే ఉంటారు. నవ్వినవాళ్ళలో ఎవరమూ ఇంత లెక్క వేసి పెళ్ళి ముహూర్తం కూడా పెట్టుకోలేదు.

డబ్బు మాట దగ్గర మాత్రం మేమిద్దరం ఒకటి కాలేదు. విమానం, టికెట్టు, తిరుగుడు కలిపి రెండు లక్షలు దాటుతుందని మా అంచనా. సొంత సంపాదన, సొంత చీటీ డబ్బు, వెళ్ళనివ్వాలి అని మాలో ఒకరి మాట. ఇంటి లోను సగం మిగిలి ఉంది, బాపు 34 ఏళ్ళు గనిలో దిగి కట్టిన ఇల్లు అది, ఆ కిస్తీలు ఆరు నెలల ముందుకు కట్టేసి వెళ్ళమని ఇంకొకరి మాట. కార్డు మీద అప్పు చేసి మాత్రం వద్దని ఇద్దరమూ అన్నాం. అదే వాడికి ఫోనులో చెప్పాం. చీటీ ఆగస్టులో వస్తుంది, అప్పటిదాకా టికెట్టు కొననన్నాడు.

వాళ్ళ బాపు ఇంకా ఒప్పుకోలేదు. ఆయన కోపం డబ్బు మీద కాదనిపిస్తోంది మాకు, ఆ రోజు పంక్తిలో మనందరి నవ్వు మీద. అందుకే వచ్చే ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్తున్నాం. ఆ రోజు నవ్వినవాళ్ళలో ఇంకెవరైనా వస్తామంటే ఐదింటికి మా ఇంటి దగ్గరికి రండి. వీసా ఫారం నింపడం తెలిసినవాళ్ళు తప్పకుండా రండి.

అబ్బాయికి ఒక మాట: స్టేడియంలోకి లోపలిది కనిపించే ప్లాస్టిక్ సంచే తీసుకెళ్ళనిస్తారు. మామూలు బ్యాగు పట్టుకుపోయి గేటు దగ్గర ఆగిపోకు.