నేతన్నకు మరమగ్గం శాలువానా?

తరతరాలుగా షోలాపూరులో ఉంటున్న పద్మశాలీలం మనం. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం జరుపుతాం, 1905 స్వదేశీ ఉద్యమం గురించి ప్రసంగిస్తాం. చివరికి పెద్ద వయసు నేతన్నను వేదికెక్కించి మరమగ్గం శాలువా కప్పుతాం! ఇది సన్మానమా, ఎగతాళా?

మరమగ్గాలతో బతికే మనవాళ్లను తప్పుపట్టడం లేదు. ఆ బట్టనే చేనేత పేరుతో అమ్మితే మోసం. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. కొనేవాళ్లం అడక్కపోతే ఆ చట్టం ఎవరికోసం?

చేనేత ధర ఎక్కువంటారు. ఇంటి ఆడవాళ్లు కండెలు చుట్టనిదే మగ్గం ఆడదు. మనం బేరమాడి తగ్గించేది వాళ్ల కష్టాన్నే.

సంఘం కొనే ప్రతి శాలువా చేనేత ముద్ర చూసి, నేసేవారి దగ్గరే కొనాలి. సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాం. డబ్బు చాలకపోతే పూలదండలు మానేద్దాం.