ఐరోపా జమాఖర్చులో చేరని వాగు

1774లో పారిస్ నగరంలో లావోయిజియే అనే రసాయన శాస్త్రజ్ఞుడు తగరాన్ని గాజుపాత్రలో ఉంచి, మూతి బిగించి కాల్చాడు. కాల్చక ముందూ, కాల్చిన తరువాతా పాత్ర బరువు ఒక్కటే. మూతి తెరచిన తరువాతనే గాలి లోనికి చొరబడి బరువు పెరిగింది. ఆయన పన్నులు వసూలుచేసే సంస్థలో భాగస్వామి కూడ. లెక్క తేలాలంటే ముందు పాత్ర మూసి ఉండాలన్న పట్టుదల ఆ వృత్తి నేర్పినదేనేమో!

దేశాల ప్రగతిని తూచేవారికి ఈ పట్టుదల ఇంకా అలవడలేదు. భావితరాల అవసరాలకు లోటు రాకుండ నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో బ్రంట్‌లాండ్ సంఘం నిర్వచించింది. నాటినుండి ఆ భావాన్ని అంకెలలోకి దించడానికి ఐరోపా దేశాలు పడిన శ్రమ సామాన్యమైనది కాదు. అడవిని నరికి అమ్మినా ఆదాయంగానే చూపే స్థూల దేశీయోత్పత్తి ఒక్కటే చాలదని, ఫ్రాన్సు ప్రభుత్వం కోరగా స్టిగ్లిట్జ్, అమర్త్య సేన్, ఫితూసీలు 2009లో నివేదిక ఇచ్చారు. యూరోస్టాట్ ఏటా 17 లక్ష్యాల వారీగా ఐరోపా సమాఖ్య ప్రగతిని ప్రకటిస్తున్నది. ఇంత నిజాయితీగా తమను తాము కొలుచుకునే ప్రాంతాలు ప్రపంచంలో అరుదు.

అయితే ఆ కొలతలలో ముఖ్యమైనవి చాలవరకు దేశ సరిహద్దు వద్దనే ఆగిపోతాయి. బ్రిటన్ తన గడ్డమీది ఉద్గారాలను 1990తో పోల్చితే 2023 నాటికి సగానికి తగ్గించింది. బొగ్గును విడిచిపెట్టడం వల్ల వచ్చిన నిజమైన ఫలితం అందులో పెద్ద భాగమే. కాని పరాయి దేశాలలో తయారై దిగుమతి అయ్యే సరుకుల పొగ ఆ లెక్కలోకి రాదు. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది విద్యుత్తుతో నడిచేవి. ఆ దేశం ఎగుమతి చేసే చమురు, సహజవాయువుల పొగ మాత్రం కొన్నవారి ఖాతాలో పడుతుంది. ఎవరూ అబద్ధమాడడం లేదు, నియమమే అట్టిది.

పొగ సంగతి అలా ఉంచితే, నీటి సంగతి తెలుగువారికి మరింత దగ్గరిది. హైదరాబాదు చేరువలోని పటాన్‌చెరులో సుమారు 90 ఔషధ కర్మాగారాల మురుగునీటిని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం ఉండేది. శుద్ధి అయి బయటికి వచ్చే నీటినే స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. మందు మింగిన రోగి రక్తంలో కూడ అంత ఉండదు! ఒక్కరోజులో బయటికి పోయే మందు సుమారు 45 కిలోలని, అప్పటి 90 లక్షల స్వీడన్ జనాభా ఐదు రోజులలో వాడే మోతాదుకు అది సమానమని వారు అంచనా కట్టారు. ఆ నీరు చేరిన ఇసకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికి ఇంతకన్న అనువైన చోటు ఉండదు.

ఈ నేరంలో మొదటి భాగం స్థానిక యాజమాన్యాలది, కన్నుమూసుకున్న అధికారులది. దానిని ఐరోపా నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కాని భారతదేశపు చవక మందులు ఐరోపా ఆసుపత్రులకు చేరుతున్నప్పుడు, ఆ చవకలో వాగు చెల్లించిన వాటా ఎంతో అక్కడి ఆరోగ్య సూచికలు చెప్పవలసి ఉంది. దేశం లోపల జరిగినదానితో బాటు, దేశం వాడుకున్న వస్తువుల వెనుక జరిగినదీ కలిపి చూపే వినియోగపు లెక్కను స్వీడన్ తన ఉద్గారాల విషయంలో ఇప్పటికే ప్రచురిస్తున్నది. అదే పద్ధతిని నీటికి, రసాయనాలకు విస్తరింపజేయడం అసాధ్యమేమీ కాదు. ఏ మందు ఏ కర్మాగారం నుండి వచ్చిందో నియంత్రణ సంస్థల దస్త్రాలలో ఉంటుంది. వాటిని బహిరంగపరచడమే మిగిలింది.

2024లో ఐరోపా సమాఖ్య మురుగునీటి చట్టాన్ని సవరించి, మందుల అవశేషాలను తొలగించే అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80 శాతం ఔషధ, సౌందర్యసాధనాల ఉత్పత్తిదారులే భరించాలని విధించింది. మెచ్చదగిన నిర్ణయమే. ఆ సొమ్ముతో శుద్ధి అయ్యేది మాత్రం ఐరోపా పట్టణాల నీరు.